నిర్ణయం మీ చేతుల్లో ఉండగానే

1999 ఏప్రిల్ 25న ఒక తెలుగు జంటకు పెళ్లయింది. మర్నాడే ఇరువైపుల పెద్దలు మాటా మాటా అనుకుని, చివరికి చెప్పులు విసురుకునేదాకా వెళ్లారు. 27వ తేదీకల్లా ఆ ఇద్దరూ కాపురమే పెట్టకుండా ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు, కేసు మీద కేసు. 2002లో సికింద్రాబాద్ ఫ్యామిలీ కోర్టు విడాకులు ఇచ్చింది. 2006లో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2013 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు మళ్లీ విడాకులు మంజూరు చేసి, భార్యకు 15 లక్షల రూపాయల శాశ్వత భరణం ఇవ్వమంది. రెండు రోజులు కూడా సాగని బంధం నుంచి బయటపడటానికి దాదాపు 14 ఏళ్లు పట్టింది. పాతికేళ్ల మనిషి నలభైకి చేరేంత కాలం అది. ఆ తీర్పులోనే న్యాయమూర్తులు మరో మాట చెప్పారు. దాంపత్య వివాదాల్లో చాలావరకు చిన్న విషయాల దగ్గరే మొదలవుతాయి. మొదట్లోనే ఒక నేర్పరి కూర్చోబెట్టి మాట్లాడిస్తే అవి ఇంత దూరం రావు. అందుకని ఫ్యామిలీ కోర్టులు రాజీకి వీలున్న కేసులను మధ్యవర్తిత్వానికి పంపాలనీ, మీడియేషన్ కేంద్రాలు కేసు వేయకముందే వచ్చేవారి కోసం ప్రత్యేక డెస్కులు పెట్టాలనీ ఆదేశించారు.

ఈ అధ్యాయం చెప్పదలచుకున్నది ఆ ఆదేశం వెనక ఉన్న ఆలోచన గురించే. కుటుంబ తగవులో కోర్టు అడిగే ప్రశ్న వేరు, కుటుంబానికి కావలసిన జవాబు వేరు. ఎవరు తప్పు చేశారు, ఏ తేదీన చేశారు, సాక్షి ఎవరు అని కోర్టు అడుగుతుంది. అడగక తప్పదు, చట్టం దానికి అప్పగించిన పని అదే. ఇంట్లోవాళ్లకు కావలసినది మాత్రం రేపటి సంగతి. పిల్లాడి ఫీజు ఎవరు కడతారు, అమ్మ ఎవరి దగ్గర ఉంటుంది, ఉమ్మడి బావిలోని మోటారు కరెంటు బిల్లు ఎవరిది, సంక్రాంతికి బిడ్డ ఎవరింట్లో ఉంటుంది. జడ్జి ఎంత మంచివారైనా తన ముందున్న కాగితాల్లో లేనిదాన్ని తీర్పులో రాయలేరు. ఆ సంగతులన్నీ తెలిసినవాళ్లు తగవు పడుతున్నవాళ్లే. కాబట్టి నిర్ణయం వాళ్ల చేతుల్లో ఉన్నప్పుడే, కోపం ఇంకా రికార్డుల్లోకి ఎక్కకముందే కూర్చోవాలి. ఒకసారి కౌంటర్లు, అఫిడవిట్లు దాఖలయ్యాక అందులో రాసిన ప్రతి ఆరోపణా ఒక కొత్త గాయం. దాన్ని వెనక్కి తీసుకోవడం ఇద్దరికీ కష్టమే.

కడియం ప్రాంతం వాళ్లకు ఈ విషయం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు నర్సరీయే బతుకు. తండ్రి మొదలుపెట్టిన నర్సరీని అన్నదమ్ములు కలిసి నడుపుతారు. కొంత సొంత భూమి, కొంత లీజు భూమి, ఒకరు అంట్లు చూసుకుంటారు, ఒకరు ఆర్డర్లు, లారీ లోడ్లు చూసుకుంటారు. అలాంటి ఇంట్లో పంపకాల తగవు వచ్చి, ఒకరు కోర్టుకు వెళ్లి యథాతథ స్థితి ఉత్తర్వు తెచ్చుకున్నారనుకోండి. ఖాళీ స్థలానికైతే ఆ ఉత్తర్వు సరిపోతుంది, అది పదేళ్లు అలాగే పడి ఉంటుంది. మొక్కకు యథాతథ స్థితి అంటూ లేదు. నీళ్లు పెట్టకపోతే రోజుల్లో వాడిపోతుంది, కవరు మార్చకపోతే వేరు నేలలోకి దిగిపోతుంది, వానాకాలం ఆర్డర్ల సమయం దాటిపోతే ఆ ఏడాది సరుకు అమ్ముడుపోదు. ఎవరిది ఎంత వాటా అని కోర్టు తేల్చేనాటికి పంచుకోవడానికి కుండీలు మాత్రమే మిగలొచ్చు. పైగా వ్యాపారం విలువలో పెద్ద భాగం భూమిలో ఉండదు. ఏళ్ల తరబడి ఫోన్ చేసే కొనుగోలుదారుల్లో, అంటు కట్టే పనివాళ్ల నమ్మకంలో ఉంటుంది. దాన్ని కోర్టు పంపే కమిషనర్ వచ్చి కొలవలేడు. అన్నదమ్ములు ఇద్దరూ ఒప్పుకుంటే మాత్రం ఒకరికి పూలమొక్కల ఖాతాలు, మరొకరికి పండ్లమొక్కల ఖాతాలు అని పంచుకోవచ్చు. ఈ సీజను సరుకు ఉమ్మడిగా అమ్మి, ఆ తర్వాతే విడిపోవచ్చు. ఇలాంటి ఏర్పాటు ఇద్దరి సమ్మతితోనే సాధ్యం.

ఇక్కడ వెంటనే వచ్చే మొదటి అభ్యంతరం తెలిసినదే. మాకు పెద్దమనుషులు ఉన్నారు, తగవులు తీర్చుకోవడం మాకు కొత్త కాదు, మళ్లీ ఈ మీడియేషన్ ఎందుకు అని. పెద్దమనుషుల పంచాయితీని తక్కువ చేయాల్సిన పని లేదు. ఊరు తెలిసినవాళ్లు, ఇల్లు తెలిసినవాళ్లు, ఒక్క రోజులో కూర్చుని తేలుస్తారు. కానీ పైన చెప్పిన కేసును మరోసారి చూడండి. అక్కడ చెప్పులు విసురుకున్నది పెద్దలే, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కాదు. పెద్దమనిషికి తన వర్గం, తన బంధుత్వం, తన మాట నెగ్గాలన్న పట్టు ఉంటాయి. అతను తీర్పు చెబుతాడు, కాదంటే నా మాట తీసేశారంటాడు. అప్పుడు అసలు తగవు పక్కకు పోయి పరువు తగవు మొదలవుతుంది. శిక్షణ పొందిన మధ్యవర్తి తీర్పు చెప్పడు. తన అభిప్రాయం ఇదని ఒత్తిడి చేయడు. ఇద్దరినీ కలిపీ, విడివిడిగానూ కూర్చోబెట్టి వింటాడు. విడిగా చెప్పిన మాటను మీరు ఒప్పుకుంటే తప్ప అవతలివాళ్లకు చెప్పడు. రాజీ కుదరకపోతే, కుదరలేదని మాత్రమే కోర్టుకు తెలియజేయాలి. లోపల ఎవరు ఏమన్నారో, ఎంత ఇస్తామన్నారో రాయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టం చేసింది. పంచాయితీలో నోరు జారిన మాట సాయంత్రానికి టీకొట్టు దగ్గర చర్చకు వస్తుంది. ఈ ఒక్క తేడా వల్లే పల్లెటూళ్లో ఆడపిల్లలు మధ్యవర్తి దగ్గర తమ కష్టం పూర్తిగా చెప్పుకోగలుగుతారని నా నమ్మకం.

మరో తేడా కాగితం దగ్గర ఉంది. ఊళ్లో పెద్దల ముందు స్టాంపు పేపరు మీద విడాకులు రాసుకుని, ఇద్దరూ సంతకాలు చేసి, ఇక అయిపోయిందనుకునే వాళ్లు నేటికీ ఉన్నారు. కులాచారంలో విడాకులు ఉన్నాయని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప హిందూ వివాహ చట్టం కింద ఆ కాగితం పెళ్లిని రద్దు చేయదు. దాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లకు రెండో పెళ్లి చెల్లదు, రెండో భార్య హక్కులూ ప్రశ్నార్థకం అవుతాయి. ఆస్తి పంపకాల్లోనూ ఇంతే. ముందే నోటిమాటగా జరిగిపోయిన పంపకాన్ని జ్ఞాపకం కోసం రాసుకుంటే రిజిస్ట్రేషను అవసరం లేదు. కానీ ఆ కాగితమే వాటాలను పంచుతుంటే దాన్ని రిజిస్టరు చేయించాల్సిందే, లేకపోతే రేపు సాక్ష్యంగా నిలబడదు. అందుకే పెద్దల దగ్గర కుదిరిన రాజీ అయినా సరే, దాన్ని లోక్ అదాలత్‌కో కోర్టుకో తీసుకెళ్లి ఆమోదముద్ర వేయించుకోవాలి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు, పెండింగు కేసు అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది.

మధ్యవర్తిత్వంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది భాష. 2021 జులైలో గుంటూరు ప్రాంతపు దంపతుల కేసు ఒకటి సుప్రీంకోర్టులో విచారణకు వచ్చింది. రెండు దశాబ్దాలుగా విడిగా ఉంటున్న జంట. కట్నం వేధింపుల కేసులో భర్తకు శిక్ష పెంచమని భార్య కోరింది. ఆమెకు ఇంగ్లీషు ఇబ్బంది అని గమనించి అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ఆమెతో తెలుగులోనే మాట్లాడారు. భర్త జైలుకెళ్తే ప్రభుత్వోద్యోగం పోతుంది, జీతం పోతే మీకు వచ్చే భరణమూ ఆగిపోతుంది అని వివరించారు. చివరికి ఇద్దరూ కలిసి ఉండటానికి ఒప్పుకున్నారు. వాళ్లు కలిశారు కాబట్టి ఇది గొప్ప విజయం అని నేను అనను. కలవడమే కొలమానం కాకూడదు. కానీ అంత సాదా లెక్క, జీతం పోతే భరణం పోతుందన్న లెక్క, ఇరవై ఏళ్లలో ఆమె ముందు ఆమె భాషలో ఎవరైనా ఇంత సూటిగా పెట్టారా అన్నది ఆలోచించాలి. మధ్యవర్తి ముందు కూర్చున్నప్పుడు మీరు మీ యాసలో, మీ మాటల్లో చెప్పుకోవచ్చు. పిటిషను భాషలోకి మారినప్పుడు పోయే విషయాలు అక్కడ పోవు.

రెండో అభ్యంతరం దీనికన్నా బరువైనది, దాన్ని తేలిగ్గా దాటేయకూడదు. కొట్టిన మొగుడి పక్కన కూర్చోబెట్టి రాజీ మాట్లాడమనడం న్యాయమా? సర్దుకుపోమ్మా అని పంపేయడానికే ఈ ఏర్పాటు అని మహిళా కార్యకర్తలు అనడంలో చాలా నిజం ఉంది. మన సమాజంలో రాజీ అంటే ఎక్కువసార్లు ఆడమనిషి వెనక్కి తగ్గడమే. 2013 తీర్పు ఇచ్చిన న్యాయమూర్తులకూ ఈ భయం ఉంది. తప్పు చేసినవాళ్లు చట్టం నుంచి జారిపోవడానికి మధ్యవర్తిత్వాన్ని వాడుకోకుండా జడ్జీలు జాగ్రత్తపడాలని అందులోనే హెచ్చరించారు. అంతకు పదేళ్ల ముందు, 2003లో ఆంధ్రప్రదేశ్, భార్యను వేధించే భర్తకూ అత్తింటివారికీ వర్తించే 498ఏ సెక్షనును కోర్టు అనుమతితో రాజీ పడదగిన నేరంగా సవరించినప్పుడు ఒక షరతు పెట్టింది. రాజీ కోరిన రోజు నుంచి కనీసం మూడు నెలలు గడవాలి, ఆలోగా ఏ పక్షమూ వెనక్కి తగ్గకుండా ఉంటేనే కోర్టు దాన్ని ఒప్పుకోవచ్చు అని. ఒత్తిడితో చేసిన సంతకం మూడు నెలల్లో బయటపడుతుందన్న వివేకం ఆ షరతులో ఉంది.

కాబట్టి ఈ విషయంలో నా మాట ఖచ్చితంగా ఉంటుంది. దెబ్బలు, ప్రాణభయం, బిడ్డల మీద హింస ఉన్న ఇంట్లో మొదటి అడుగు రక్షణ. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, నివాస ఉత్తర్వు తెచ్చుకోవడం, 181కి ఫోన్ చేయడం ముందు జరగాలి. ఆ తర్వాత, అదీ ఆమె ఇష్టపడితేనే, భరణం, సామాను, పిల్లల విషయం మాట్లాడటానికి మధ్యవర్తిత్వం పనికొస్తుంది. అప్పుడు కూడా ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టవద్దని ఆమె అడగవచ్చు. కాపురానికి వెళ్లాలా వద్దా అన్నది ఆ బల్ల మీద పెట్టనవసరం లేదు. మధ్యవర్తిత్వం అంటే కలపడం అన్న భ్రమ పోవాలి. గౌరవంగా విడిపోవడమూ ఒక పరిష్కారమే. ఏడాదికి పైగా విడిగా ఉంటున్న దంపతులు పరస్పర సమ్మతితో విడాకులు కోరవచ్చు. పిటిషను వేశాక ఆరు నెలలు ఆగాలన్న నియమాన్ని కూడా, భరణం, పిల్లల సంగతులు నిజంగా తేలిపోయిన సందర్భాల్లో కోర్టు సడలించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అంటే ముందే కూర్చుని అన్నీ తేల్చుకున్నవాళ్లకు చట్టమే దారి దగ్గర చేసింది.

కాలయాపన సంగతి ఏమిటి? అవతలివాళ్లు రాజీ రాజీ అంటూ వాయిదాలు తీసుకుని భరణం ఎగ్గొడితే? ఇది జరుగుతుంది. దీనికి మందు చట్టంలోనే ఉంది. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు, భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాల వివరాలు అఫిడవిట్‌గా దాఖలు చేయాలని, భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కించాలని చెప్పింది. కాబట్టి మధ్యంతర భరణం దరఖాస్తు వేసి, ఆ తర్వాత మధ్యవర్తిత్వానికి కూర్చోండి. అప్పుడు ఆలస్యం చేసినవాడికే బాకీ పెరుగుతుంది. మధ్యవర్తిత్వానికి ఒక గడువు అడగండి. మూడు నాలుగు సార్లు కూర్చున్నా అవతలివాళ్లు లెక్కలు చూపించకపోతే అక్కడితో ఆపేసి కోర్టుకు వెళ్లడంలో తప్పు లేదు.

ఇక సిద్ధపడటం గురించి. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. కోర్టుకు వెళ్తే మీకు ఏం వస్తుందో తెలియకుండా రాజీకి కూర్చోకండి. తెలియని మనిషి తక్కువకే సంతకం పెడుతుంది. ఆస్తి తగవుల్లో ఇది మరీ ముఖ్యం. మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా, పెళ్లయిందా లేదా అన్న తేడా లేకుండా ఆ హక్కు ఉంది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. అయినా డెల్టాలో నేటికీ పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చాంగా అన్న ఒక్క మాటతో ఆడపడుచు వాటా ముగించేస్తుంటారు. ఆడపడుచు తన ఇష్టంతో తక్కువ తీసుకోవచ్చు, పుట్టింటి రాకపోకలు నిలుపుకోవడం ఆమెకు భూమి కన్నా విలువ కావచ్చు. కానీ ఆ ఎంపిక హక్కు తెలిసి చేసినదై ఉండాలి. కూర్చునే ముందు ఒక లాయరుతో మాట్లాడండి. ఖర్చు భయమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కడియం వాళ్లకు రాజమహేంద్రవరం కోర్టు దూరం కాదు. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, కేసు వేయకముందే అవతలివాళ్లను పిలిపించమని అడగవచ్చు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. అవతలివాళ్లు రావాలన్న బలవంతం లేదు. రాకపోయినా మీరు పోగొట్టుకునేదేమీ లేదు.

కూర్చునే ముందు రోజు ఒక కాగితం మీద మీకు తప్పనిసరిగా కావలసినవి, వస్తే బాగుండేవి విడివిడిగా రాసుకోండి. ఇంట్లోవాళ్ల కోపం, బావమరిది పంతం మొదటి వరుసలోకి రానివ్వకండి. పాస్‌బుక్కులు, అడంగల్, లీజు కాగితాలు, బ్యాంకు అప్పు, బంగారం జాబితా, పిల్లల స్కూలు రసీదులు తీసుకెళ్లండి. లెక్క కళ్ల ముందు ఉన్నప్పుడు కేకలు తగ్గుతాయి. తోడుగా ఒక్కరిని తీసుకెళ్లండి, పదిమందిని కాదు.

రాజీ కుదిరాక రాసుకునే కాగితమే అసలు పరీక్ష. బాగా చూసుకుంటాను, ఇబ్బంది పెట్టను అన్న మాటలను ఏ కోర్టూ అమలు చేయలేదు. ఎంత డబ్బు, ఏ తేదీలోగా, ఏ ఖాతాలోకి, ఆలస్యమైతే ఏమవుతుంది అన్నది రాయాలి. పరస్పర సమ్మతి విడాకుల్లో డిక్రీ వచ్చేలోపు ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, మొత్తం సొమ్ము ముందే ఇచ్చేయడమూ, మొత్తం చివరికి మిగల్చడమూ రెండూ ప్రమాదమే. పిటిషను వేసిన రోజు కొంత, చివరి స్టేట్‌మెంటు రోజు మిగతాది డీడీగా కోర్టులో ఇవ్వాలని రాసుకోవడం ఇద్దరికీ క్షేమం. పెండింగులో ఉన్న ప్రతి కేసు నంబరూ వేసి, ఏది ఎవరు ఎప్పుడు ఉపసంహరించుకుంటారో రాయాలి. బిడ్డకు రావలసిన పోషణను తల్లి వదులుకుంటున్నట్టు రాయించే ప్రయత్నాలు జరుగుతాయి, ఒప్పుకోకండి. అది బిడ్డ హక్కు. బిడ్డను చూసే రోజులు నెలకు రెండుసార్లు అని వదిలేయకుండా ఏ వారాలు, ఎక్కడ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, వేసవి సెలవుల్లో ఎన్నాళ్లు, భోగి ఎవరింట, కనుమ ఎవరింట అన్నదాకా రాసుకోండి. తండ్రి గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే వీడియో కాల్ ఏ రోజున, ఏ సమయానికి అన్నదీ, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందన్నదీ రాయాలి. చదవని కాగితం మీద, ఖాళీలున్న కాగితం మీద సంతకం చేయొద్దు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రేపు చేస్తాననడానికి మీకు హక్కుంది.

ఇంత చేసినా కుదరకపోవచ్చు. కొన్ని తగవులకు తీర్పు తప్పదు; ఎదుటివాడు పచ్చిగా అబద్ధమాడుతుంటే, ఒక హక్కును అసలే లేదంటుంటే కోర్టే శరణ్యం. అప్పుడు కూడా మధ్యవర్తి గదిలోంచి ఖాళీ చేతులతో లేవకండి. పెద్ద విషయం తేలకపోయినా, కేసు నడిచినన్నాళ్లూ పిల్లాడి ఫీజు ఎవరు కట్టాలి, నర్సరీకి నీళ్లెవరు పెట్టించాలి, కూలీల డబ్బు ఏ ఖాతాలోంచి ఇవ్వాలి, అమ్మ మందులెవరు తేవాలి అన్న నాలుగింటి మీద తాత్కాలిక ఒప్పందం అడగండి. దాన్ని రాయించి, ఇద్దరూ సంతకాలు చేసి కోర్టు ముందు పెట్టి, మిగిలిన దాని మీద వాదించుకోండి.